ఊపిరిని కొలుస్తారు, నిద్రను కొలవరు

ఖరగ్‌పూర్‌లో గానీ, దేశంలోని మరే రైల్వే లాబీలో గానీ డ్యూటీకి వచ్చిన లోకో పైలట్ ముందుగా ఒక చిన్న యంత్రంలోకి ఊపిరి ఊదాలి. మద్యం జాడ కనిపిస్తే అతన్ని ఇంజిన్ ఎక్కనివ్వరు. నిబంధన సరైనదే. వందలమంది ప్రాణాలను వెనుక కట్టుకుని బయలుదేరే మనిషి మత్తులో ఉండరాదు. అయితే అదే మనిషి నిన్న ఎన్ని గంటలు నిద్రపోయాడో, మొన్న అసలు కన్ను మూశాడో లేదో చెప్పే యంత్రం ఆ లాబీలో లేదు. అతని ఊపిరిపై ప్రభుత్వానికి ఉన్న అనుమానం, అతని నిద్రపై తాను వేసిన డ్యూటీ పట్టిక మీద లేదు.

ఈ తేడా చిన్నదేమీ కాదు. డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు 1997లో ‘నేచర్’ పత్రికలో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. ఏకధాటిగా 17 గంటలు మేల్కొని ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితీరు స్థాయికి పడిపోతుందని వారు చూపారు. మెలకువ 24 గంటలకు చేరితే అది 0.10 శాతం మద్యంతో సమానమవుతుంది. భారతదేశపు మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే నేరం. శాతంలో చెప్పాలంటే 0.03. తెల్లవారుజామున లేచి, పగలంతా ఇంటి పనుల్లో గడిపి, రాత్రి డ్యూటీకెక్కి, అర్ధరాత్రి దాటాక సిగ్నళ్ళు చూస్తున్న మనిషి ఒక్క చుక్క తాగకుండానే ఆ గీత దాటిపోయి ఉంటాడు. యంత్రం మాత్రం అతనికి ‘ఫిట్’ అని ముద్ర వేసి పంపుతుంది.

నిద్రను ఆరోగ్య పేజీల్లోని చిట్కాగా, వ్యక్తిగత అలవాటుగా, పడకగది విషయంగా చూడడం దేశ రాజకీయాలకు ఎంతో సౌకర్యంగా ఉంది. తొందరగా పడుకోండి, ఫోన్ పక్కన పెట్టండి, రాత్రి కాఫీ మానండి అని చెప్పడానికి ఖర్చు లేదు. పనివేళలను నిర్ణయించేది ఎవరు, ఖాళీలను భర్తీ చేయనిది ఎవరు, వరుస రాత్రుల పట్టికపై సంతకం చేసేది ఎవరు అని అడిగితేనే ఇబ్బంది. నిద్ర స్పష్టమైన ఆలోచనకు పునాది. ఇతరుల ప్రాణాలపై నిర్ణయం తీసుకునే మనిషి ఆలోచన స్పష్టంగా ఉండడం అతని సొంత వ్యవహారం కాదు, ప్రజావసరం. ఆ అవసరాన్ని తీర్చవలసిన బాధ్యత పని చేయించే వ్యవస్థది.

ఈ మాటను పరీక్షించి చూడడానికి ఖరగ్‌పూర్ కంటే తగిన ఊరు లేదు. ఆగ్నేయ రైల్వేలో ఒక డివిజన్‌కు అది కేంద్రం. దాని 1072.5 మీటర్ల ప్లాట్‌ఫాం చాలాకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు మోసింది. హౌరా నుంచి చెన్నైకి, హౌరా నుంచి ముంబయికి వెళ్ళే దారులు అక్కడే చీలుతాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల కుటుంబాలు ఆ ఊరికి తరలివెళ్ళి వర్క్‌షాపులోనూ, యార్డుల్లోనూ, రైళ్ళ మీదా పనిచేస్తూ వచ్చాయి. బెంగాల్ నడిబొడ్డున ఒక తెలుగు ఊరు పెరిగింది. 2020 డిసెంబరులో, శాసనసభ ఎన్నికలు దగ్గరపడిన వేళ, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఆ గౌరవం అర్హమైనదే. కానీ తెలుగు ఓటును లెక్కపెట్టిన పార్టీల్లో ఏ ఒక్కటీ ఆ ఇళ్ళలో రాత్రి ఎవరు పడుకుంటున్నారు, ఎన్ని గంటలు పడుకుంటున్నారు అన్నదాన్ని ఎన్నికల అంశంగా చేయలేదు.

రైల్వే క్వార్టర్లలో పగటి నిద్ర అంటే ఏమిటో అక్కడి కుటుంబాలకు తెలుసు. రాత్రంతా బండి నడిపి వచ్చిన మనిషి ఉదయం తొమ్మిదింటికి పడుకుంటాడు. ఇంట్లో అందరూ గుసగుసల్లో మాట్లాడుకోవాలి. పిల్లలను బయటికి తరమాలి, కుక్కర్ ఈల వేయకుండా చూడాలి, తలుపు తట్టినవాడికి సైగతో సమాధానం చెప్పాలి. మే నెల ఎండలో కిటికీకి దుప్పటి కట్టినా గది చల్లబడదు. శరీరం మాత్రం గడియారాన్ని కాదు, సూర్యుణ్ణి నమ్ముకుంటుంది. వెలుతురు మెదడును లేపుతుంది, వేడి నిద్రను పలుచన చేస్తుంది. కాగితం మీద అది విశ్రాంతి, మంచం మీద మాత్రం కలత నిద్ర.

ప్యాసింజరు రైళ్ళు నడిపేవారికి కనీసం ఒక లింకు ఉంటుంది. ఏ రోజు ఏ బండి ఎక్కాలో ముందే తెలుస్తుంది. గూడ్సు నడిపేవారికి ఆ భాగ్యం లేదు. బండి సిద్ధమైనప్పుడు పిలుపు వస్తుంది. ఒకప్పుడు కాల్ బాయ్ పుస్తకం పట్టుకుని క్వార్టరు తలుపు కొట్టేవాడు, ఇప్పుడు ఫోన్ మోగుతుంది. పిలుపు సాయంత్రం వస్తుందో, రాత్రి ఒంటిగంటకు వస్తుందో తెలియని మనిషి ఎప్పుడు పడుకోవాలో కూడా తెలియనివాడే. ‘ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అనే సామెతను పని చేయించేవారు తమకు అనుకూలంగా వాడుకుంటారు. అలసినవాడు ఎక్కడైనా పడుకుంటాడనీ, ఎప్పుడైనా పడుకుంటాడనీ వాదిస్తారు. సామెత చెప్పేది అలసట తీవ్రత గురించి. ఆ నిద్ర సరిపోతుందని అది ఎక్కడా చెప్పలేదు.

చట్టానికి ఈ సంగతి తెలియదా? తెలుసు. 1989 నాటి రైల్వే చట్టం 133వ సెక్షన్ రన్నింగ్ సిబ్బందికి నెలకు 30 గంటల చొప్పున నాలుగుసార్లు, లేదా 22 గంటల చొప్పున అయిదుసార్లు నిరంతర విశ్రాంతి ఇవ్వాలంటుంది. ఆ విశ్రాంతిలో ఒక పూర్తి రాత్రి ఉండాలని కూడా అంటుంది. అంటే రాత్రికీ గంటలకూ తేడా ఉందని శాసనకర్తలు గుర్తించారు. అమలులోకి వచ్చేసరికి ఆ తేడా మాయమవుతుంది. డ్యూటీ ముగిశాక హెడ్‌క్వార్టర్‌లో ఇచ్చే 16 గంటల విశ్రాంతి ఈ 30 గంటల్లో కలిసిపోతుందా, విడిగా ఉంటుందా అన్నది ఏళ్ళ తరబడి నలుగుతున్న వివాదం. రెండూ కలిపి 46 గంటలు ఇవ్వాలనీ, వరుస రాత్రి డ్యూటీలను రెండుకు పరిమితం చేయాలనీ, ఇల్లు విడిచిన 48 గంటల్లో తిరిగి చేర్చాలనీ 2024 జూన్‌లో దక్షిణ రైల్వే లోకో పైలట్లు ఆందోళనకు దిగారు. అదనపు జీతం అడగలేదు. అడిగింది నిద్ర. అది క్రమశిక్షణ ఉల్లంఘనగా కనిపించింది యాజమాన్యానికి.

ప్రభుత్వ వాదన కూడా వినాలి. లోకో పైలట్ల సగటు డ్యూటీ ఎనిమిది గంటలకు లోపేనని 2024 జులైలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ చెప్పారు. 558 రన్నింగ్ రూములకు ఏసీలు పెట్టామనీ చెప్పారు. ఏసీలు మంచి పనే, ఎవరూ కాదనరు. కానీ సగటు అనేది నిద్రపోదు, బండి నడపదు. ఒకరోజు ఆరు గంటలు, మరునాడు పది గంటలు పనిచేసిన మనిషికి సగటు ఎనిమిదే. పగటి ఎనిమిది గంటలూ, రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి వరకూ గడిపిన ఎనిమిది గంటలూ పట్టికలో ఒకే అంకెగా కనిపిస్తాయి, శరీరంలో ఒకటి కావు. రాత్రి రెండు నుంచి ఆరు వరకు దేహ ఉష్ణోగ్రత తగ్గి, చురుకుదనం అట్టడుగుకు చేరుతుంది. ఆ వేళ మనిషి తెలియకుండానే రెండు మూడు క్షణాలు కునుకు తీస్తాడు. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే రైలు ఒక్క సెకనులో 36 మీటర్లు దాటుతుంది. నాలుగు సెకన్ల కునుకంటే దాదాపు నూట నలభై అయిదు మీటర్లు చూపు లేని ప్రయాణం.

ఇంతకంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వాన్ డాంగెన్ బృందం 2003లో ప్రచురించిన అధ్యయనంలో కొందరిని రెండు వారాలపాటు రాత్రికి ఆరు గంటలే పడుకోనిచ్చారు. చివరికి వారి ఏకాగ్రత ఒకటి రెండు రాత్రులు పూర్తిగా మేల్కొన్నవారి స్థాయికి దిగజారింది. ఆ సంగతి మాత్రం వారికి పెద్దగా తెలియలేదు. కొంచెం మగతగా ఉందంతే, అలవాటైపోయింది అనుకున్నారు. నిద్ర తక్కువైన మెదడు ముందుగా పోగొట్టుకునేది తన లోపాన్ని తాను గుర్తించే శక్తినే. అందుకే ‘నాకు అలవాటే’ అన్న మాటకు సాక్ష్యం విలువ లేదు. తాగినవాడు తాను బాగానే ఉన్నానని చెబితే ఎవరూ నమ్మరు. నిద్రలేనివాడు అదే మాట చెబితే అంకితభావమని మెచ్చుకుంటారు.

నిద్రలేమి కళ్ళను మాత్రమే మూస్తుందనుకోవడం కూడా పొరపాటు. అలవాటైన పనిని అలసిన మెదడు ఎలాగో నెట్టుకొస్తుంది. పరిస్థితి హఠాత్తుగా మారినప్పుడు, పాత పద్ధతి వదిలి కొత్తగా ఆలోచించవలసి వచ్చినప్పుడే చేతులెత్తేస్తుంది. లోకో క్యాబులో అప్రమత్తతను కనిపెట్టే పరికరం ఉంటుంది. దాదాపు నిమిషంపాటు డ్రైవరు నుంచి ఏ కదలికా లేకపోతే దీపం వెలిగించి, హారన్ మోగించి, చివరికి బ్రేకులు వేస్తుంది. మనిషి నిద్రపోలేదని అది చెప్పగలదు. మనిషి ఆలోచిస్తున్నాడని చెప్పలేదు.

2024 జూన్ 17న అదే పశ్చిమ బెంగాల్ ఉత్తర కొసన, రంగాపానీ వద్ద ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. ఉదయం నుంచి ఆటోమేటిక్ సిగ్నళ్ళు పనిచేయలేదు. కాగితపు అనుమతులతో బండ్లను పంపారు. ఒక గూడ్సు రైలు వెళ్ళి కాంచనజంగా ఎక్స్‌ప్రెస్‌ను వెనుక నుంచి ఢీకొంది. పదిమంది చనిపోయారు, వారిలో గూడ్సు లోకో పైలట్ కూడా ఉన్నాడు. శవపరీక్ష పూర్తికాకముందే రైల్వే బోర్డు అధ్యక్షస్థానం నుంచి తీర్పు వెలువడింది. లోకో పైలట్ సిగ్నల్ ఉల్లంఘించాడన్నారు. తర్వాత వచ్చిన భద్రతా కమిషనర్ నివేదిక ఆ కథను నిలవనివ్వలేదు. సిగ్నళ్ళు విఫలమైనప్పుడు బండ్లు నడిపే విధానంలోనే అనేక స్థాయుల్లో లోపాలున్నాయనీ, ఇచ్చిన కాగితాన్ని లోకో పైలట్లు ఒక్కొక్కరు ఒక్కో విధంగా అర్థం చేసుకున్నారనీ, ఇది జరగడానికి సిద్ధంగా కాచుకుని ఉన్న ప్రమాదమనీ తేల్చింది. ఆ మనిషి చేసిన వరుస రాత్రి డ్యూటీల మాటను లోకో పైలట్ల సంఘాలు లేవనెత్తాయి. నిద్రలేమే ఆ ప్రమాదానికి కారణమని చెప్పడం తొందరపాటు. కానీ గందరగోళపు కాగితాన్ని చదివి సరైన అర్థం తీయవలసిన భారాన్ని రాత్రి డ్యూటీల చివర ఉన్న మెదడుపై పెట్టడం న్యాయమా అన్న ప్రశ్న తొందరపాటు కాదు.

‘కవచ్’ వస్తే ఈ బాధలన్నీ తీరతాయన్న వాదన ఉంది. కవచ్ రావాలి, ఇంకా వేగంగా రావాలి. రంగాపానీ నేర్పిన పాఠం మాత్రం వేరు. యంత్రం విఫలమైన రోజున చివరి అడ్డుగోడగా నిలిచేది మనిషి తెలివే. ఆ తెలివికి నిద్ర కావాలి.

ఖరగ్‌పూర్ డివిజన్‌లోనే ఉంది బహనాగా బజార్. 2023 జూన్ 2 సాయంత్రం కోరమండల్ ఎక్స్‌ప్రెస్ అక్కడ లూప్ లైనులో నిలిచి ఉన్న గూడ్సును ఢీకొంది. 290 మందికి పైగా చనిపోయారు. లోకో పైలట్‌కు పచ్చ సిగ్నలే కనిపించింది. లోపం సిగ్నలింగ్ తీగల అనుసంధానంలో ఉందని విచారణ తేల్చింది. దాన్ని నిద్రలేమికి అంటగట్టడం అసత్యమవుతుంది. అయితే ఇలాంటి తీగల ప్రమాదమే 1988 డిసెంబరు 12న లండన్‌లోని క్లాఫమ్ వద్ద 35 మందిని బలిగొన్నప్పుడు అక్కడి విచారణ ఒక అదనపు ప్రశ్న అడిగింది. తీగను తప్పుగా వదిలేసిన టెక్నీషియన్ ఎన్ని రోజులుగా పనిచేస్తున్నాడు? పదమూడు వారాల్లో అతనికి దొరికిన సెలవు ఒక్కరోజు. ఆంథొనీ హిడెన్ నేతృత్వంలోని ఆ విచారణ అతన్ని బలిపశువును చేయలేదు. దాని తర్వాతనే బ్రిటన్ రైల్వేల్లో భద్రతకు సంబంధించిన పనిలో 12 గంటలకు మించి డ్యూటీ ఉండరాదనీ, వారానికి 72 గంటలు దాటరాదనీ, రెండు డ్యూటీల మధ్య 12 గంటల విరామం తప్పనిసరనీ పరిమితులు వచ్చాయి. ఇక్కడ ప్రతి ప్రమాదం తర్వాత ఎవరు తప్పు చేశారని అడుగుతారు. ఆ చేతికి ముందు పద్నాలుగు రోజులు ఎంత విశ్రాంతి దొరికిందని అడగరు.

ఈ ప్రశ్న అడగనివ్వకుండా చేసేది ఒక రాజకీయ సంస్కృతి. నిద్రపోకపోవడం నాయకత్వ లక్షణమన్న నమ్మకం అందులో ప్రధానం. 2019 ఎన్నికల వేళ నటుడు అక్షయ్ కుమార్‌కు ఇచ్చిన ఇంటర్వ్యూలో ప్రధాని నరేంద్ర మోదీ తన నిద్ర మూడు నాలుగు గంటలకు మించదని చెప్పారు. అనుచరులకు అది తపస్సుగా వినిపించింది. వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో నారాయణమూర్తి అన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధినేత 90 గంటల దాకా వెళ్ళారు. అదే ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజు పనివేళల పరిమితిని తొమ్మిది నుంచి పది గంటలకు పెంచడానికి ఆమోదం తెలిపింది. జులైలో తెలంగాణ కూడా వాణిజ్య సంస్థల్లో పది గంటల పనికి దారి తెరిచింది. పార్టీలు వేరు, జెండాలు వేరు. కార్మికుడి రాత్రి మీద మాత్రం అందరిదీ ఒకే మాట.

చట్టసభ తానే ఆ జబ్బుకు లోనైంది. 2025 ఏప్రిల్ 2న మొదలైన వక్ఫ్ సవరణ బిల్లు చర్చ పన్నెండు గంటలు దాటి, అర్ధరాత్రి గడిచి, రాత్రి రెండు గంటల ప్రాంతంలో లోక్‌సభ ఓటుతో ముగిసింది. ఆ వెంటనే, అదే వేళ, మణిపూర్‌లో రాష్ట్రపతి పాలన తీర్మానాన్ని చేపట్టి నలభై నిమిషాలకు అటూ ఇటుగా ముగించారు. దాదాపు రెండేళ్ళు రగిలిన రాష్ట్రానికి దేశపు అత్యున్నత సభ కేటాయించిన సమయం అది. ఆ బిల్లుపై, ఆ తీర్మానంపై ఎవరి అభిప్రాయం ఏదైనా కావచ్చు. లోకో పైలట్ చురుకుదనం అడుగంటే వేళనే ఎంపీ మేధస్సు వికసిస్తుందని ఏ శాస్త్రమూ చెప్పదు.

తెలుగు ఇళ్ళలో ఊర్మిళాదేవి నిద్ర కథ తెలియనివారు అరుదు. వనవాసంలో లక్ష్మణుడు పద్నాలుగేళ్ళు మేల్కొని కావలి కాశాడు. అతని వాటా నిద్రను అయోధ్యలో ఊర్మిళ నిద్రపోయింది. జానపదులు ఎంతో లోతైన సంగతి గ్రహించారు. నిద్ర ఎగవేయడానికి వీలులేని అప్పు, ఒకరు చెల్లించకపోతే మరొకరు చెల్లించాలి. మేల్కొన్న వీరుణ్ణి పూజించే రాజకీయం ఊర్మిళను మరిచిపోయింది. లోకో పైలట్ తరఫున నిద్రపోయే ఊర్మిళ ఎవరూ లేరు. అతని అప్పును చివరికి ప్రయాణికుడు చెల్లిస్తాడు, ఒక్కోసారి అతనే చెల్లిస్తాడు.

ఈ అప్పు మీద పోరాటం ఖరగ్‌పూర్‌కు కొత్త కాదు. 1927లో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా అక్కడి వర్క్‌షాపు కార్మికులు సమ్మె చేశారు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికోద్యమంలోనే వి.వి. గిరి నాయకుడిగా ఎదిగారు. 1973లో లోకో సిబ్బంది దేశవ్యాప్తంగా సమ్మె చేసి పది గంటల డ్యూటీ హామీ సాధించుకున్నారు. 1974 మే 8న మొదలైన మహా సమ్మె కోర్కెల్లో ఎనిమిది గంటల పనిదినం ముఖ్యమైనది. ఆ సమ్మెను వేల అరెస్టులతో అణచివేసిన రోజుల్లో రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఆ గిరియే. రైల్వే కార్మికుల భుజాల మీద ఎక్కిన రాజకీయం వారి రాత్రిని ఎంత సులభంగా మరిచిపోగలదో చెప్పడానికి అంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

చేయవలసినవి అసాధ్యమైనవి కావు. వరుస రాత్రి డ్యూటీలను రెండుకు పరిమితం చేయాలి. వారపు విశ్రాంతిని రోజువారీ విశ్రాంతిలో కలపకుండా విడిగా లెక్కించాలి. లోకో పైలట్లకే కాదు, స్టేషన్ మాస్టర్లకూ సిగ్నల్ సిబ్బందికీ అదే సూత్రం వర్తించాలి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బుకు పరీక్షలు జరపాలి. 2013లో న్యూయార్క్ స్పైటెన్ డైవిల్ వంపు వద్ద నలుగురు చనిపోయిన రైలు ప్రమాదంలో ఇంజినీరుకు ఆ జబ్బు ఉన్నట్టు తర్వాతే బయటపడింది. ప్రతి ప్రమాద విచారణ నివేదికలో సంబంధిత సిబ్బంది గత పద్నాలుగు రోజుల డ్యూటీ, విశ్రాంతి పట్టికను ప్రచురించాలి. 2024లో సహాయ లోకో పైలట్ల నియామక ప్రకటన 5,696 పోస్టులతో వెలువడి, ఆందోళనల తర్వాత 18,799కి పెరిగింది. ఖాళీలు అన్ని ఉన్నాయని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఆ ఖాళీల భారాన్ని ఇన్నాళ్ళూ మోసింది పనిలో ఉన్నవారి నిద్రే.

వీటన్నింటికంటే ముఖ్యమైనది ఒక హక్కు. డ్యూటీకి పిలుపు వచ్చినప్పుడు ‘నాకు నిద్ర చాలలేదు, ఈ బండి నడపలేను’ అని చెప్పగలగాలి. ఆ మాట చెప్పినందుకు చార్జిషీటు రాకూడదు. తాగి వచ్చినవాణ్ణి ఇంజిన్ ఎక్కనివ్వకపోవడం ప్రజాహితమైతే, నిద్రలేనివాడు తానే వెనక్కి తగ్గడం అంతకు మించిన ప్రజాహితం. దాన్ని నేరంగా చూసే వ్యవస్థ చేతిలో ఎన్ని ఊపిరి యంత్రాలున్నా అవి భద్రత కోసం కాదు, ప్రమాదం జరిగాక నింద ఎవరిమీద వేయాలో తేల్చుకోవడం కోసమే.

ఈ రాత్రి కూడా ఖరగ్‌పూర్‌లో ఎవరికో ఫోన్ మోగుతుంది. అతను లేచి, ముఖం కడుక్కుని, లాబీకి వెళ్ళి, యంత్రంలోకి ఊపిరి ఊదుతాడు. యంత్రం సున్నా చూపిస్తుంది. ఆ సున్నాను చూసి బండిలో వెయ్యిమంది నిశ్చింతగా నిద్రపోతారు.